అపలాచియన్ ట్రెయిల్: ఈ తెల్ల గీతలు ఎవరు వేశారు?

పల్నాటి_పిల్ల (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం అమ్మని న్యూయార్క్‌లోని బేర్ మౌంటెన్ తీసుకెళ్లాను. నరసరావుపేట నుంచి వచ్చి రెండు నెలలైంది, ఇంట్లో కూర్చుని కూర్చుని విసుగెత్తిపోయింది పాపం. అక్కడ జూ పక్కగా నడుస్తుంటే ఒక చెట్టు మొదలు మీద తెల్ల గీత కనిపించింది. నిలువుగా, జానెడు కూడా లేదు. ఇంకాస్త దూరం పోతే ఇంకో చెట్టు మీద ఇంకోటి. తర్వాత ఒక బండ మీద. అమ్మ ఒక్కో గీత దగ్గర ఆగి, మళ్లీ తర్వాతది ఎక్కడుందో తనే వెతికి చూపిస్తోంది. చిన్నపిల్లలా ఎంత సంబరపడిందో.

"ఎవరే ఇవన్నీ గీసింది? ఎక్కడిదాకా ఉన్నాయి?" అని అడిగింది. ఫోన్‌లో చూసి చెప్పాను: అపలాచియన్ ట్రెయిల్, 14 రాష్ట్రాలు, జార్జియా నుంచి మెయిన్ దాకా దాదాపు 2,190 మైళ్లు. మైళ్లంటే అమ్మకి తెలియదు. మూడున్నర వేల కిలోమీటర్లు, కన్యాకుమారి నుంచి కాశ్మీర్ దాకా కొండల మీదే నడిచినట్టు అన్నాను. నమ్మలేదు. "అంత దూరం ఇలా గీతలు పెట్టుకుంటూ ఎవరు పోతారే" అంది.

గవర్నమెంటు వేయించి ఉంటుందిలే అని అప్పటికి తప్పించుకున్నాను గానీ, అది నిజమో కాదో నాకే తెలియదు. ఈ దారి ఎలా పుట్టిందో తెలిసినవాళ్లు చెప్పండి. అమ్మకి చదివి వినిపిస్తాను.

నల్లమల_నడక (రోనోక్, వర్జీనియా)

మంచి ప్రశ్న అడిగారమ్మా మీ అమ్మగారు. మొదలుపెట్టింది గవర్నమెంటు కాదు. ఒక మనిషి రాసిన ఒక వ్యాసం.

ఆయన పేరు బెంటన్ మెకై. మసాచుసెట్స్‌లోని షర్లీ అనే చిన్న ఊళ్లో పెరిగాడు, హార్వర్డ్‌లో అడవుల శాస్త్రం చదివాడు. 1921 ఏప్రిల్‌లో ఆయన భార్య జెస్సీ చనిపోయింది. ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పోరాడిన మనిషి ఆవిడ. ఆ దుఃఖంలో ఉన్న మెకైని ఒక స్నేహితుడు న్యూజెర్సీకి పిలిపించుకున్నాడు. ఆ స్నేహితుడు అమెరికా ఆర్కిటెక్టుల సంఘం పత్రికకి ఎడిటర్. ఆ ఎండాకాలం అక్కడ కూర్చుని మెకై తన ఆలోచనని కాగితం మీద పెట్టాడు. 1921 అక్టోబరులో అది ఆ పత్రికలోనే అచ్చయింది. అంటే ఈ ఆలోచన కాగితం మీదికి వచ్చింది మీరుండే రాష్ట్రంలోనే, ఎడిసన్‌కి పెద్ద దూరం కాదు.

ఆ వ్యాసం చదివితే ఇది ఉత్త నడకదారి కథ కాదని తెలుస్తుంది. ఫ్యాక్టరీల్లో, ఇరుకు నగరాల్లో నలిగిపోతున్న మనుషులకి కొండల మీద ఊపిరి పీల్చుకునే చోటు కావాలన్నది ఆయన తపన. దారి పొడవునా బస చేసే గుడిసెలు, వాటి చుట్టూ చిన్న చిన్న సమాజాలు, తిండి పండించుకునే క్యాంపులు, ఇదంతా ఆయన ఊహ. నడకదారి వీటన్నిటినీ కలిపే దారం. ఆయన గీసిన అసలు గీత న్యూహాంప్‌షైర్‌లోని మౌంట్ వాషింగ్టన్ నుంచి నార్త్ కరోలినాలోని మౌంట్ మిచెల్ దాకా. విచిత్రం చూడండి, ఇప్పటి దారి మౌంట్ మిచెల్ మీదుగా పోనే పోదు.

వెర్మాంట్‌లో అప్పటికే లాంగ్ ట్రెయిల్ అని ఒకటి వేస్తున్నారు, 1910 నుంచి. మెకైకి దాని సంగతి బాగా తెలుసు. ఇప్పుడు అపలాచియన్ ట్రెయిల్ దాదాపు వంద మైళ్లు ఆ లాంగ్ ట్రెయిల్ మీదే నడుస్తుంది.

ఇంకో మాట. మీ అమ్మగారు నడిచిన బేర్ మౌంటెనే ఈ మొత్తం దారికి తొలి ముక్క. అక్కడి నుంచి ఆర్డెన్ దాకా 1923 అక్టోబరు 7న తెరిచారు. అంతేకాదు, ఆ జూ దగ్గర దారి సముద్రమట్టానికి 124 అడుగుల ఎత్తులోనే ఉంటుంది. మొత్తం ట్రెయిల్‌లో అంతకంటే పల్లం ఇంకెక్కడా లేదు.

ఎర్రమట్టి (అట్లాంటా)

అన్నా, సూపర్. కానీ గవర్నమెంటు పాత్ర అస్సలు లేదనలేం కదా? 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో సి.సి.సి. కుర్రాళ్లు చాలా దారి వేశారు. నిరుద్యోగులకి పని కల్పించడానికి రూజ్‌వెల్ట్ పెట్టిన దళం అది. ఆఖరి ముక్క పూర్తి చేసింది కూడా వాళ్లే, మెయిన్‌లో స్పాల్డింగ్, షుగర్‌లోఫ్ కొండల మధ్య, 1937 ఆగస్టు 14న. ఆరుగురు మనుషులు.

లెక్కల_మాస్టారు (హారిస్‌బర్గ్, పెన్సిల్వేనియా)

బాబూ ఎర్రమట్టీ, నువ్వు చెప్పింది నిజం. కానీ 1921కీ 1937కీ మధ్య ఒక మనిషి ఉన్నాడు. ఆయన పేరు చెప్పకుండా ఈ కథ నడవదు. మైరన్ ఏవరీ.

మెకై వ్యాసం తర్వాత 1925లో వాషింగ్టన్‌లో సమావేశం పెట్టి అపలాచియన్ ట్రెయిల్ కాన్ఫరెన్స్ అనే సంస్థ స్థాపించారు. కాగితం మీద అంతా బాగానే ఉంది. కానీ న్యూయార్క్ చుట్టుపక్కల తప్ప కొండ మీద పని సాగలేదు. హార్ట్‌ఫర్డ్‌లో ఆర్థర్ పెర్కిన్స్ అని ఒక రిటైర్డ్ జడ్జి దాన్ని మళ్లీ లేపాడు. ఆయన చేయి పట్టుకుని వచ్చిన కుర్ర లాయరే ఏవరీ. పుట్టింది మెయిన్‌లో సముద్రం ఒడ్డున లూబెక్ అనే ఊళ్లో, ఉద్యోగం వాషింగ్టన్‌లో. 1927లో పొటోమాక్ అపలాచియన్ ట్రెయిల్ క్లబ్ పెట్టాడు. 1931 నుంచి 1952 దాకా కాన్ఫరెన్స్‌కి అధ్యక్షుడు. జీతం లేదు. పగలు ఆఫీసు, శని ఆదివారాలు కొండ.

నేను ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పాను. అందుకే ఆయన ఫొటో ఒకటి నాకు ప్రాణం. సైకిల్ చక్రం ఒకటి, దానికి పిడి, దూరం లెక్కపెట్టే మీటరు. ఆ చక్రాన్ని ముందుకు తోసుకుంటూ కొండలెక్కేవాడు. ఎక్కడ సెలయేరు, ఎక్కడ మలుపు, ఎన్ని మైళ్లు, మైలులో ఎన్నో వంతు, అన్నీ రాసుకునేవాడు. ఆ రాతలే తర్వాత గైడు పుస్తకాలయ్యాయి. దారి పూర్తి కాకముందే, 1936 నాటికి, విడతలు విడతలుగా మొత్తం నడిచేశాడు. అలా నడిచిన మొదటి మనిషి ఆయనే. ఉత్తర కొస మెయిన్‌లోని కటాడిన్ కొండ మీద పెట్టించాలని పట్టుబట్టినవాళ్లలో ఆయనదే పెద్ద గొంతు.

మనిషి మాత్రం కఠినం. మాట పడేవాడు కాదు, ఎదుటివాడి మనసు నొచ్చుకుంటుందేమో అని ఆగేవాడూ కాదు. 1952లో యాభై రెండేళ్లకే గుండె ఆగి పోయాడు. మెకై తొంభై ఆరేళ్లు బతికాడు, 1975 దాకా. నాకు ఆ తేడా తలుచుకున్నప్పుడల్లా బాధే. కల కన్నవాడికి పేరు వచ్చింది. చక్రం తోసినవాడిని కొండలెక్కేవాళ్లలో కూడా చాలామంది ఎరగరు.

నల్లమల_నడక

మాస్టారూ, ఏవరీ శ్రమ మీద నాకూ గౌరవమే. కానీ మెకైని ఉత్త కలలు కన్నవాడిగా తీసిపారేయకండి. వాళ్లిద్దరికీ ఎక్కడ చెడిందో చెప్పాలి కదా.

వర్జీనియాలో స్కైలైన్ డ్రైవ్ అని కొండల శిఖరాల వెంబడి కారు రోడ్డు వేశారు, 1931లో పని మొదలైంది. అది సరిగ్గా ట్రెయిల్ ఉన్న చోటే పోయింది. ఏవరీ అన్నాడు: రోడ్డు ఎలాగూ ఆగదు, ట్రెయిల్‌ని పక్కకి జరుపుకుందాం, సి.సి.సి. కుర్రాళ్లు కొత్త దారి చక్కగా వేసిపెడతారు. మెకై అన్నాడు: అడవి నిశ్శబ్దం కోసం వేసిన దారి పక్కనే కార్లు తిరిగితే ఇక ఈ దారి దేనికి? దారి పూర్తవడం ఆలస్యమైనా ఫర్వాలేదు, అడవి ముఖ్యం. ఉత్తరాల్లో మాటా మాటా పెరిగి 1936 నాటికి ఇద్దరూ తెగతెంపులు చేసుకున్నారు. అప్పటికే 1935లో, అడవుల రక్షణ కోసం వైల్డర్‌నెస్ సొసైటీ స్థాపించినవాళ్లలో మెకై ఒకడు.

నేను ఆ రోడ్డు పక్క ట్రెయిల్ మీద ఎన్నోసార్లు నడిచాను. ఆకుల చప్పుడు వింటూ పోతుంటే ఉన్నట్టుండి మోటార్ సైకిల్ మోత. అప్పుడల్లా మెకై గుర్తొస్తాడు.

షెనాండోవా_సుధ (ఆష్‌బర్న్, వర్జీనియా)

మీరిద్దరూ రోడ్డు గురించి మాట్లాడుతున్నారు, నేను ఇళ్ల గురించి మాట్లాడతాను.

షెనాండోవా నేషనల్ పార్కులో ట్రెయిల్ 100 మైళ్ల పైన ఉంటుంది. మా ఇంటికి దగ్గర కాబట్టి అక్టోబరు వస్తే ఆకుల రంగులు చూడ్డానికి తెలుగువాళ్లందరం పులిహోర డబ్బాలు కట్టుకుని అక్కడికే పోతాం. దారి పక్కన అడవిలో అక్కడక్కడా రాతి పొయ్యి గొట్టం ఒక్కటే నిలబడి ఉంటుంది. ఇల్లు ఉండదు. ఆపిల్ చెట్లు అడవి చెట్ల మధ్య కనిపిస్తాయి. చిన్న చిన్న సమాధులుంటాయి. అవన్నీ ఒకప్పటి పల్లెలు. ఆ పార్కు కోసం 1930లలో కొన్ని వందల కుటుంబాలని కొండ దింపేశారు. వెళ్లమంటే వెళ్లనన్నవాళ్లని బలవంతంగా పంపేశారు. 1936లో రూజ్‌వెల్ట్ వచ్చి పార్కుని ప్రారంభించాడు.

మా అమ్మమ్మగారి ఊరు నాగార్జునసాగర్ నీళ్లలో మునిగింది. అందుకే ఆ పొయ్యి గొట్టాల దగ్గర నాకు కాళ్లు ఆగిపోతాయి. దక్షిణాన చెరోకీలని 1838లో ఆ కొండల నుంచే తరిమారు. ట్రెయిల్ మీద అన్నిటికంటే ఎత్తైన కొండని క్లింగ్‌మన్స్ డోమ్ అనేవారు, 6,643 అడుగులు. 2024లో దానికి చెరోకీల పాత పేరు కువోహి మళ్లీ పెట్టారు. అటు ఉత్తర కొసన కటాడిన్ పెనాబ్‌స్కాట్ జనానికి పవిత్రమైన కొండ. దారి చరిత్ర 1921లో మొదలైందంటే నేను ఒప్పుకోను. ఆంటీకి ఇది కూడా చదివి వినిపించండి.

పల్నాటి_పిల్ల

సుధ గారూ, వినిపించాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సాగర్ కట్టినప్పుడు మా పెద్దనాన్న వాళ్లూ అట్లాగే లేచారు" అంది. నాకు ఇన్నేళ్లుగా ఈ సంగతి తెలియదు.

ఇంకో ప్రశ్న కూడా అడిగింది. మొత్తం ఒకేసారి నడిచినవాళ్లు ఉన్నారా? ఆడవాళ్లు ఉన్నారా?

ఎర్రమట్టి

ఉన్నారు అక్కా. ఇది నాకు ఇష్టమైన భాగం, నేను చెప్తాను.

1948 దాకా ఒకే విడతలో మొత్తం నడవడం అయ్యే పని కాదనే అనుకునేవారు. ఎర్ల్ షాఫర్ అని పెన్సిల్వేనియాలోని యార్క్ కుర్రాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పనిచేసి వచ్చాడు. చిన్నప్పటి స్నేహితుడు వాల్టర్ ఇవో జిమాలో చనిపోయాడు. యుద్ధం అయిపోయాక కలిసి ఈ దారి నడుద్దామని ఇద్దరూ అనుకున్నారు. షాఫర్ ఒక్కడే వచ్చాడు. ఏప్రిల్ 4న జార్జియాలో బయల్దేరి ఆగస్టు 5న కటాడిన్ ఎక్కాడు, 124 రోజులు. కాన్ఫరెన్స్‌వాళ్లు మొదట నమ్మలేదు. డైరీ, స్లైడ్లు చూపించి, ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాక ఒప్పుకున్నారు. ఇదే మనిషి 1965లో ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచాడు. 1998లో, 79 ఏళ్ల వయసులో, మళ్లీ నడిచాడు.

ఇక ఆంటీకి చెప్పాల్సింది ఎమ్మా గేట్‌వుడ్ గురించి. ఒహాయో పల్లెటూరి మనిషి. పదకొండు మంది పిల్లలు. భర్త చేతిలో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్నది, ఆఖరికి విడిపోయింది. పాత పత్రికలో ఈ దారి గురించి చదివింది. 1954లో మెయిన్ వైపు నుంచి మొదలుపెడితే దారి తప్పింది, కళ్లజోడు పగిలింది, ఇంటికి పంపేశారు. ఎవరికీ చెప్పుకోలేదు. మరుసటేడు 67 ఏళ్ల వయసులో, అలా నడిచొస్తానని పిల్లలతో అని, ఈసారి జార్జియా నుంచి బయల్దేరింది. టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. తనే కుట్టుకున్న గుడ్డ సంచి భుజాన వేసుకుంది. వానకి అడ్డం బాత్‌రూమ్ ప్లాస్టిక్ తెర. కాళ్లకి మామూలు కాన్వాస్ బూట్లు. సెప్టెంబరు 25న కటాడిన్ మీద నిలబడింది. మొత్తం దారి ఒకే విడతలో ఒంటరిగా నడిచిన మొదటి ఆడమనిషి ఆవిడే. 1957లో మళ్లీ నడిచింది. తర్వాత మూడోసారి విడతలుగా పూర్తి చేసింది. దారి చాలాచోట్ల పాడైపోయి ఉందని ఆవిడ పేపర్లవాళ్లకి మొహమాటం లేకుండా చెప్పింది. ఆ మాటల వల్లే ట్రెయిల్ బాగోగుల మీద జనానికి ధ్యాస వచ్చిందంటారు.

మా జార్జియా సంగతి ఒకటి. వీళ్లిద్దరూ బయల్దేరింది ఇప్పటి స్ప్రింగర్ మౌంటెన్ నుంచి కాదు, ఇంకా దక్షిణాన ఉన్న ఓగ్లథార్ప్ కొండ నుంచి. దాని చుట్టూ కోళ్ల ఫారాలు, రోడ్లు పెరిగిపోతే 1958లో దక్షిణ కొసని స్ప్రింగర్‌కి మార్చారు. మేం స్ప్రింగర్ మీదికి అమికలోలా జలపాతం దగ్గర నుంచి వెళ్తాం. ఎనిమిదిన్నర మైళ్ల ఎక్కుడు అయ్యాక గానీ మొదటి తెల్ల గీత రాదు.

లెక్కల_మాస్టారు

ఓగ్లథార్ప్ మాట ఎత్తావు కాబట్టి చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. ఆ రోజుల్లో దారి చాలావరకు ప్రైవేటు భూముల మీదుగా పోయేది. రైతు సరేనంటే దారి, అమ్మేస్తే లేదు. ఏటా ఎక్కడో ఒకచోట ట్రెయిల్ తారు రోడ్డెక్కేది. 1968 అక్టోబరు 2న అధ్యక్షుడు జాన్సన్ నేషనల్ ట్రెయిల్స్ చట్టం మీద సంతకం చేశాడు. దేశంలో మొదటి రెండు నేషనల్ సీనిక్ ట్రెయిల్స్ ఇదీ, పడమటి పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిలూ. చట్టం వచ్చినా పదేళ్లు భూముల కొనుగోలు నత్తనడకే. 1978లో సవరణ చేసి 9 కోట్ల డాలర్లకి అనుమతి ఇచ్చాక కదిలింది. ఇప్పుడు 99 శాతం పైన దారి రక్షిత భూమిలోనే ఉంది.

మీ అమ్మగారి మొదటి ప్రశ్నకి అసలు జవాబు మాత్రం 1984లో ఉందమ్మా. భూమి కొన్న నేషనల్ పార్క్ సర్వీసు, ఆ భూమి ఆలనాపాలనా తిరిగి ఆ కాన్ఫరెన్స్‌కే, అంటే వాలంటీర్ల సంస్థకే, అప్పగించింది. గవర్నమెంటు తన ఆస్తిని అలా జనం చేతిలో పెట్టడం అరుదు. ముప్పై దాకా క్లబ్బులు ఆ మొత్తం దారిని ముక్కలు ముక్కలుగా పంచుకుని చూసుకుంటాయి. ఆ గీతలు వేసేది వాళ్లే.

మార్టూరు_రాయి (హడ్సన్ లోయ, న్యూయార్క్)

రెండు రోజులుగా చదువుతున్నాను, ఇక రాయకుండా ఉండలేకపోతున్నా. పల్నాటి పిల్ల గారూ, మీ అమ్మగారు బేర్ మౌంటెన్ మీద రాతి మెట్లు ఎక్కారా? ఎక్కి ఉంటే, వాటిలో కొన్నిటి మీద నా చేయి పడింది.

ఆ కొండకి వచ్చే జనం ఎక్కువ. పాత కాలిబాట అరిగి అరిగి గాడి పడిపోయింది, వాన పడితే మట్టంతా కిందికి. అందుకని మాస్టారు చెప్పిన క్లబ్బుల్లో ఒకటైన న్యూయార్క్-న్యూజెర్సీ ట్రెయిల్ కాన్ఫరెన్స్ వందల మెట్లతో కొత్త దారి వేసింది. తూర్పు వైపు భాగం 2010లో తెరిచారు. ఆ తర్వాత కూడా పని చాలా ఏళ్లు సాగింది. నేను ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చిన కొత్తలో, శనివారాలు ఏం చేయాలో తోచక వెళ్లాను.

మా తాత మార్టూరు దగ్గర క్వారీల్లో రాళ్లు కొట్టేవాడు. బండ మీద సుద్దతో గీత కొట్టి, ఆ గీత వెంట వరుసగా బెజ్జాలు వేసి, బెజ్జాల్లో ఇనప చీలలు పెట్టేవాడు. సమ్మెటతో ఒక్కోదాని మీద ఒక్కో దెబ్బ, ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్లీ మొదటికి. ఒకే చీలని గట్టిగా బాదితే రాయి వంకరగా పోతుంది. దెబ్బ దెబ్బకీ చప్పుడు సన్నబడుతుంది. అది విని తాత చేయి ఎత్తేవాడు, "ఇక ఆగు, అదే పోతుంది" అని. కాసేపటికి బండ టప్పున రెండయ్యేది.

మొదటి రోజు బేర్ మౌంటెన్ మీద మాకు నేర్పించిన ఆవిడ అచ్చం ఇదే చేసింది. బెజ్జాలు డ్రిల్లుతో వేసింది, అంతే తేడా. చీలలు అవే, సమ్మెట అదే, వరుస అదే. చప్పుడు మారగానే ఆవిడ చేయెత్తి అందరినీ ఆపింది. నేను పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఒక మెట్టు కూర్చోబెట్టడానికి ఒక్కోసారి నలుగురం రోజంతా పట్టేది. కేబుల్ మీద రాయిని తెచ్చి దించాక, గునపాలతో సర్దుతూ, కింద చిన్న రాళ్లు దట్టించాలి. పైన నిలబడి ఊగితే కొంచెం కూడా కదలకూడదు. కదిలితే మళ్లీ తీయాలి. రాయి ముందుకి ఒక వీసమెత్తు వాలు ఉంచుతాం, నీళ్లు నిలబడకుండా.

కొత్త_బూట్లు (జాన్సన్ సిటీ, టెన్నెసీ)

నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నాను. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను వచ్చినప్పుడు మా పక్కనున్న ఎర్విన్‌లో నోలిచక్కీ నది మీద ట్రెయిల్ దాటే వంతెన కొట్టుకుపోయింది. వర్జీనియా దక్షిణం దాకా వందల మైళ్లు దారి మూసేశారు. చెట్లు ఒకదాని మీద ఒకటి, ఇంటి ఎత్తున పడి ఉన్నాయి. మరుసటేడు నడకకి వచ్చినవాళ్లని ఆ నది దగ్గర పడవలో దాటించారు.

నేనూ ఒక శనివారం చెట్లు తప్పించే పనికి వెళ్లాను. రంపం పట్టడం రాదు కాబట్టి నరికిన కొమ్మలు ఈడ్చడం నా పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పదిహేను మందిమి కలిసి తెరిచింది పావు మైలు కూడా కాదు. అందులో డెబ్బై ఏళ్లు దాటినవాళ్లే సగం. ఏవరీ గారి గురించి ఇప్పుడే తెలిసింది మాస్టారూ. థాంక్యూ.

పల్నాటి_పిల్ల

మార్టూరు రాయి గారూ, ఎక్కింది! కాళ్లు నొప్పులంటూనే "అలిపిరి మెట్లలా ఉన్నాయే" అంటూ ఎక్కింది. మీరు రాసింది చదివితే రెండోసారి చదవమంది. ఫోన్‌లో ఫొటోలు తీయించి, తను కాలు పెట్టిన మెట్లు ఏవో వెతుక్కుంటోంది.

అమ్మ తిరుగు ప్రయాణం వచ్చే నెల. ఆలోపు ఒక శనివారం మేమిద్దరం పనికి రావచ్చా? అమ్మ బరువులు ఎత్తలేదు, 63 ఏళ్లు. ఆ గీతలకి రంగు వేయనిస్తారా అని అడుగుతోంది. పొద్దున్నే ఇంటి ముందు ముగ్గు వేసే చెయ్యి, వంకర పోదంటోంది.

మార్టూరు_రాయి

తప్పకుండా రండి. హారిమన్ అడవిలో రెండు మైళ్ల ముక్క చూసుకునే బాధ్యత నాకు ఇచ్చారు. ఈ వేసవిలో గీతలు మళ్లీ దిద్దాలి. రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు, అంచులు నిటారుగా. మలుపు దగ్గర ఒకదాని మీద ఒకటి రెండు గీతలు. ముందు చెట్టు బెరడు మీద పొట్టు మాత్రం మెల్లగా గీకాలి, లోపలి పచ్చి పొరకి తగలకూడదు. అది నేను చేస్తాను. తర్వాత రంగు ఆంటీ వేస్తారు.

నడక ఒక మైలే, ఎత్తు పెద్దగా లేదు. పాత చీర గానీ, రంగు పడినా ఫర్వాలేదనుకునే బట్టలు గానీ కట్టుకోమనండి. కాళ్లకి బూట్లు ఉండాలి. నల్లులు లాంటి పురుగులు, టిక్స్, ఉంటాయి, సాక్సు పైకి లాక్కోవాలి. పొద్దున ఎనిమిదికి ఆర్డెన్ వైపు పార్కింగ్ దగ్గర ఉంటాను. బ్రష్షు ఒకటి కొత్తది తెస్తున్నా.